అనేక గళాలు, ఒకే పఠనం: వేర్వేరు ధ్వనిముద్రణలను సమం చేసే విధానం

బౌద్ధ వాఙ్మయం లిపిబద్ధం కాకముందు కొన్ని శతాబ్దాల పాటు కంఠస్థంగానే నిలిచింది. ఒక్కొక్క నికాయాన్ని ధారణ చేసి పఠించే భిక్షువులకు భాణకులని పేరు. కార్లే చైత్యగృహంలోని ఒక స్తంభశాసనం సోపార నుండి వచ్చిన ధర్మోత్తరీయ శాఖ భాణకుని దానాన్ని పేర్కొంటున్నది. నాగార్జునకొండ శాసనాలలో దీఘ, మజ్ఝిమ నికాయాలలో నిష్ణాతులైన ఆచార్యుల ప్రస్తావన ఉన్నది. పడమటి తీరంలో ఉత్తరాన భరుకచ్ఛం, అంటే నేటి భరూచ్, దక్షిణాన సోపార. ఈ రెండు ప్రాచీన రేవుల నడుమ, తాపీ నది ఒడ్డున ఉన్నది సూరత్.

నేటి సూరత్‌లో తెలంగాణ జిల్లాల నుండి వలస వెళ్ళిన నేత కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడి ఉన్నాయి. లింబాయత్, ఉధ్నా వంటి ప్రాంతాలలో తెలుగు వీధిభాషగా వినిపిస్తుంది. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నడుపుతున్నది. అటువంటి చోట ధమ్మపదంలోని 26 వర్గాలను, 423 గాథలను, పాళీ మూలంతోనూ తెలుగు తాత్పర్యంతోనూ పలువురు పాఠకుల చేత చదివించి ఒకే సంపుటిగా కూర్చాలని ఒక సంస్థ తలపెట్టిందనుకొందాం. ఒక వర్గం మరమగ్గాల షెడ్డు పక్క ఇంటిలో ముద్రితమవుతుంది. ఇంకొకటి విహారంలోని ఖాళీ మందిరంలో, మరొకటి ఒక పాఠకుని సెల్‌ఫోనులో. కొన్ని గాథలు ఇప్పుడు జీవించి లేని ఒక పెద్దవారి గళంలో పాత క్యాసెట్టు మీద మాత్రమే దొరుకుతాయి. వీటన్నిటినీ వరుసగా వినే శ్రోతకు ప్రతి వర్గం ఆరంభంలోనూ చెవి ఉలిక్కిపడుతుంది. ఒకచోట శబ్దం పెంచుకోవాలి, మరొకచోట తగ్గించుకోవాలి. ధ్యాస అర్థం మీది నుండి యంత్రం మీదికి మళ్ళుతుంది.

ఈ ఇబ్బందిని తొలగించే పనినే ధ్వని సంపాదకులు ముద్రణలను సమం చేయడం అంటారు. అయితే మన క్షేత్రంలో ధ్వనిముద్రణ వినోదసామగ్రి కాదు, సాక్ష్యం. ఏది యంత్రం, గది కలిగించిన భేదమో, ఏది గళం, ఉచ్చారణ, సంప్రదాయం కలిగించిన భేదమో విడదీసి తెలుసుకొని, మొదటిదాన్ని మాత్రమే సవరించాలి. ఈ వివేకమే ఈ వ్యాసానికి విషయం.

భేదాలు ఎక్కడ పుడతాయి?

రెండు ముద్రణలు వేరుగా వినిపించడానికి ప్రధానంగా ఐదు కారణాలుంటాయి: వేగం, నేపథ్య శబ్దం, నాదపు రంగు, గది ప్రతిధ్వని, శబ్ద తీవ్రత. శ్రోత వీటిని విడివిడిగా గుర్తించడు. "ఇది బాగాలేదు" అని మాత్రమే అంటాడు. సంపాదకుడు వీటిని వేరుచేసి, ఈ వరుసలోనే సరిచేయడం మేలు. తీవ్రతను చివర సవరించాలనడానికి కారణం స్పష్టమే: అంతకు ముందు చేసే ప్రతి సవరణా తీవ్రతను కొంత మారుస్తుంది.

పని మొదలుపెట్టే ముందు ఒక నియమం పాటించాలి. మూలప్రతిని ముట్టుకోకూడదు. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘమైన ఐ.ఏ.ఎస్.ఏ. తన టీసీ-04 మార్గదర్శకాలలో, పాత ముద్రణలను డిజిటల్ రూపంలోకి మార్చేటప్పుడు కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల ప్రమాణాన్ని సూచించింది. ఇష్టానుసారమైన మెరుగులేవీ భద్రపరిచే ప్రతిలోకి చేరకూడదన్నది ఆ సంఘం నైతిక సూత్రాలలో ఒకటి. కాబట్టి ప్రతి ముద్రణకూ రెండు రూపాలుండాలి: దగ్గుతో, మగ్గం చప్పుడుతో సహా ఉన్నది ఉన్నట్లు నిలిచే మూలప్రతి, సవరణలకు లోనైన శ్రవణప్రతి. కింద చెప్పబోయేదంతా శ్రవణప్రతికే వర్తిస్తుంది.

వేగం

డిజిటల్ ముద్రణలలో వేగదోషం సాధారణంగా నమూనా రేటు పొరపాటు వల్ల వస్తుంది. 44.1 కిలోహెర్ట్జ్‌లో ముద్రించిన ఫైలును 48 కిలోహెర్ట్జ్‌గా భావించి చదివితే పఠనం దాదాపు తొమ్మిది శాతం వేగవంతమై, శ్రుతి సుమారు ఒకటిన్నర అర్ధస్వరాలు పైకి పోతుంది. వృద్ధుని కంఠం నడివయసు కంఠంలా మారుతుంది. వినేవారికి అనుమానం రాకపోవచ్చు, కాని సాక్ష్యం మారిపోయినట్లే.

పాత క్యాసెట్టులో దోషం యంత్రానిది. అరిగిన బెల్టు, బలహీనమైన బ్యాటరీ టేపు వేగాన్ని మారుస్తాయి. ఇక్కడ ఒక ఉపాయం ఉన్నది. భారతదేశంలో విద్యుత్తు 50 హెర్ట్జ్ పౌనఃపున్యంలో ప్రవహిస్తుంది. ఇంటి కరెంటుతో నడిచిన యంత్రాల ముద్రణలలో దాని సన్నని గుంయారవం తరచుగా ఉండిపోతుంది. ఆ గుంయారవం 52 హెర్ట్జ్ దగ్గర కనిపిస్తే టేపు సుమారు నాలుగు శాతం వేగంగా తిరుగుతున్నదని అంచనా వేయవచ్చు. అయితే అది ముద్రణలోనిదా, నేటి ప్లేయరు చేర్చినదా అన్నది ముందుగా తేల్చుకోవాలి. తొలగించవలసిన మలినం అనుకొన్నదే ఇక్కడ కొలబద్ద అవుతున్నది. అందువల్ల వేగం నిర్ణయించకముందే గుంయారవాన్ని తుడిచివేయరాదు.

నేపథ్య శబ్దం

నేపథ్య శబ్దం రెండు విధాలు. ఫ్యాను హోరు, టేపు బుసబుస వంటివి నిలకడగా ఉంటాయి. మగ్గం చప్పుడు అలాంటిది కాదు. నాడె అటూ ఇటూ కొట్టుకొనే మరమగ్గం నిమిషానికి నూరుకు పైగా దెబ్బలు వేస్తుంది. ప్రతి దెబ్బా ఒక విడి తాడనం. నిలకడ శబ్దానికి ఒక నమూనా తీసి, దాన్ని ముద్రణ మొత్తం నుండి తగ్గించే సాధనాలు ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లోనూ ఉన్నాయి. తాడన శబ్దానికి ఆ పద్ధతి పనిచేయదు. దానికి సరైన మందు మగ్గాలు ఆగిన వేళ తిరిగి చదివించడమే. దీపావళి సెలవులలో సూరత్ మగ్గాలు చాలా వరకు నిలిచిపోతాయి. అప్పుడు బాణసంచా మోత ఉంటుంది కనుక తెల్లవారుజామును ఎంచుకోవాలి.

నిలకడ శబ్దాన్ని తగ్గించేటప్పుడు కూడా మితం అవసరం. ఆరు నుండి పన్నెండు డెసిబెళ్ళ తగ్గింపు చాలు. అంతకు మించితే మాట చుట్టూ నీటిబుడగల వంటి కృత్రిమ స్వరాలు పుడతాయి. హద్దు తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఉన్నది: తొలగించిన భాగాన్ని మాత్రమే వినిపించే సౌకర్యాన్ని ఈ సాధనాలలో చాలావరకు ఇస్తాయి. ఆ శేషంలో హోరు మాత్రమే వినపడాలి. అందులో మాటల ముక్కలు వినపడుతున్నాయంటే శబ్దంతో పాటు పఠనమూ పోతున్నదని అర్థం.

పాళీ పఠనం విషయంలో ఈ హెచ్చరిక మరింత తీవ్రమైనది. అట్ఠకథా సంప్రదాయం అక్షరోచ్చారణలో పది భేదాలను లెక్కిస్తుంది. వాటిలో శిథిలం, ధనితం అన్నవి అల్పప్రాణ, మహాప్రాణ భేదం, దీర్ఘం, హ్రస్వం కాలభేదం, నిగ్గహీతం అనునాసికాంతం. సంఘకర్మలలో కమ్మవాచను చదివేటప్పుడు శిథిలాన్ని ధనితంగా, ధనితాన్ని శిథిలంగా, నిగ్గహీతాన్ని విముక్తంగా, విముక్తాన్ని నిగ్గహీతంగా మార్చి పలికితే ఆ కర్మ దూషితమవుతుందని వినయ వ్యాఖ్యానం చెబుతుంది. ఇప్పుడు యంత్రం వైపు నుండి చూడండి. మహాప్రాణమంటే స్పర్శధ్వని విడుదలైన వెంటనే వచ్చే ఊపిరి. అది బలహీనమైనది, అనేక పౌనఃపున్యాలపై పరచుకొన్నది, స్వభావరీత్యా హోరును పోలినది. శబ్ద నిర్మూలన సాధనం దాన్ని హోరుగానే ఎంచి తీసివేయగలదు. పాఠకుడు ధనితంగా పలికిన అక్షరం శ్రవణప్రతిలో శిథిలమవుతుంది. నిగ్గహీతం పదాంతంలో మెల్లగా తగ్గే మంద్రనాదం; ఒక హద్దుకు దిగువ ఉన్న ధ్వనిని మూసివేసే గేట్ అనే సాధనం దాన్ని కోసివేస్తుంది. ద్విత్వాక్షరానికి ప్రాణం రెండు ధ్వనుల నడుమ లిప్తపాటు మౌనం. మౌనాలను కుదించే ఆదేశానికి మరీ చిన్న హద్దు ఇస్తే 'సత్త' అన్న మాట 'సత' వైపు జారుతుంది. ఒకటి ప్రాణిని, ఏడు సంఖ్యను చెప్పే మాట, రెండవది నూరును చెప్పే మాట.

మహాప్రాణాలను తేలికగా పలికే అలవాటు తెలుగువారిలో వాడుకగా ఉన్నదే. కాబట్టి శ్రవణప్రతిలో ధనితం వినిపించకపోతే లోపం పాఠకునిదా, సంపాదకునిదా అన్న ప్రశ్న తప్పదు. మూలప్రతి భద్రంగా ఉంటేనే ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. ఇటీవలి కృత్రిమ మేధ శుద్ధి సాధనాలు ఇంకొక అడుగు ముందుకు వేసి, మాటను తిరిగి నిర్మించి ఇస్తున్నాయి. అవి పాఠకుడు పలకని ధ్వనిని కూడా నిండుగా పలికించగలవు. ధ్వని ఎంత స్వచ్ఛంగా ఉన్నా దానిని సాక్ష్యంగా స్వీకరించలేము.

నాదపు రంగు

ఒకే మనిషి గళం ఒక ముద్రణలో బరువుగా, మరొకదానిలో పలుచగా వినిపించడానికి మైకు రకం, దూరం, కోణం కారణాలు. ఒక దిశ నుండి వచ్చే ధ్వనినే ఎక్కువగా గ్రహించే మైకుకు నోరు దగ్గరయ్యే కొద్దీ మంద్రస్థాయి పెరుగుతుంది. దూరం జరిగితే అది తగ్గుతుంది. ఈ తేడాను ఈక్వలైజర్ అనే సాధనంతో సరిచేస్తారు. మాటలో సుమారు 200 హెర్ట్జ్ దిగువ భాగం బరువును, 2 నుండి 5 కిలోహెర్ట్జ్ భాగం స్పష్టతను, అంతకు పైభాగం సకారాది ఊష్మాల పదునును ఇస్తుంది. గుంయారవాన్ని తొలగించడానికి 50, 100, 150 హెర్ట్జ్‌ల వద్ద సన్నని కోతలు పెట్టడం సాధారణమే. కాని అదే వరుసలో 250, 300 వరకు పోతే నాసిక్యధ్వనుల ముఖ్యభాగాన్ని తాకినట్లవుతుంది.

పోల్చేటప్పుడు వేర్వేరు వాక్యాలను పోల్చరాదు. అక్షరాలు వేరైతే నాదమూ వేరవుతుంది. అందువల్ల ప్రతి పాఠకుడూ ప్రతి కూర్చోవడంలోనూ మొదట, చివర త్రిశరణ పాఠాన్ని చదవాలని నియమం పెట్టుకోవడం ఉత్తమం. అందరికీ కంఠస్థమైన ఆ కొద్ది మాటలలో ద్ధ, ధ, ఘ అనే మహాప్రాణాలు, నిగ్గహీతం, ఊష్మం అన్నీ ఉన్నాయి. రెండు ముద్రణల త్రిశరణాలను పక్కపక్కన వింటే మైకు తేడా వెంటనే తెలుస్తుంది. సవరణ తరువాత మహాప్రాణం నిలిచిందో లేదో కూడా అక్కడే తేలుతుంది.

సవరించవలసింది మైకు తేడానే, కంఠం తేడాను కాదు. ఒక థేరుని గంభీర స్వరాన్ని, ఒక యువతి సన్నని స్వరాన్ని ఒకే రంగులోకి తేవడానికి పూనుకొంటే రెండూ పాడవుతాయి. ఉదయపు గళం సాయంత్రపు గళం కన్నా సాధారణంగా కొంత మంద్రంగా ఉంటుంది. అది కూడా పాఠకునిదే. దాన్ని సవరించడం కంటే ఒకే వర్గాన్ని ఒకే పూట చదివించడం మంచిది.

గది ప్రతిధ్వని

ఐదింటిలో కఠినమైనది ఇదే. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక ఉపన్యాసశాలలో మాటలు అర్థం కావడం లేదన్న ఫిర్యాదును పరిశీలించడానికి 1895లో వాలెస్ సాబిన్ అనే భౌతికశాస్త్రవేత్తను నియమించారు. ఆయన మరొక శాల నుండి మెత్తని దిండ్లు తెప్పించి, వాటి సంఖ్య పెంచుతూ ప్రతిధ్వని నిలిచే కాలాన్ని కొలిచాడు. గది పరిమాణం, అందులోని శోషక వస్తువులు కలిసి ఆ కాలాన్ని నిర్ణయిస్తాయని ఆయన నిరూపించాడు. నేటి శబ్దశాస్త్రానికి అది పునాది.

ఆచరణలో ఇందులోని సారం ఇది: ప్రతిధ్వనిని తరువాత చేర్చడం సులభం, పూర్తిగా తీయడం దుస్సాధ్యం. రాతి మందిరంలో చదివిన గాథలో ఒక అక్షరపు తోక తరువాతి అక్షరంపై పడి కలిసిపోతుంది. దాన్ని విడదీయబోతే అక్షరమూ చిరుగుతుంది. కాబట్టి రెండు ముద్రణలను సమం చేయవలసి వస్తే, పొడిగా ఉన్నదానికి కొద్దిగా ప్రతిధ్వని చేర్చి తడిదాని వైపు తేవడమే మార్గం. గదిలో ఒక బెలూను పగిలే చప్పుడునో, మంద్రం నుండి తారానికి జారే పరీక్షా స్వరాన్నో ముద్రించి ఉంచుకొంటే, ఆ గది స్వభావాన్నే గణన ద్వారా మరొక ముద్రణకు అన్వయించవచ్చు. శబ్దం విషయంలోనూ ఇదే న్యాయం: మరీ శుభ్రమైన దానికింద కొద్దిపాటి గది ధ్వని పరిస్తే పక్కనున్న హోరు ముద్రణతో అతుకు తెలియదు.

దీనికి హద్దు లేకపోలేదు. 26 వర్గాలలో ఒక్కటి దోషపూరితమైతే మిగిలిన 25ను దాని స్థాయికి దించడం అవివేకం. దానిని తిరిగి చదివించాలి. చదివిన వ్యక్తి లేకపోతే, ఒక పరిచయ వాక్యంతో వేరుచేసి ఉన్నదున్నట్లు వినిపించాలి.

ఇంకొక సంగతి భిక్షువులకు తెలియనిది కాదు. దీర్ఘమైన గానస్వరంతో ధర్మాన్ని పఠించడాన్ని వినయం నిరుత్సాహపరిచి, సరభఞ్ఞమనే పఠనరీతిని అనుమతించింది. పఠనానికి గంభీరత రావాలని గుహలో పలికినట్లు ప్రతిధ్వనిని దండిగా చేర్చడం నేడు వాడుకైపోయింది. అక్షరం కంటే నాదం మీద చెవి నిలిచేటట్లు చేయడం సాంకేతిక నిర్ణయం మాత్రమే కాదని గుర్తుంచుకోవాలి. శ్రుతిని యంత్రంతో దిద్దడం విషయంలోనూ ఇదే ఆలోచన అవసరం.

శబ్ద తీవ్రత

తెరపై కనిపించే అలల ఎత్తును చూసి తీవ్రతను సమం చేయరాదు. ఒక్క చప్పట్లు, ఒక్క దగ్గు ఎత్తుగా కనిపిస్తుంది. చెవికి మాత్రం సగటు తీవ్రతే ముఖ్యం. చెవి అనుభవానికి దగ్గరైన కొలతను అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 2006లో బీఎస్.1770 పేరిట ప్రకటించింది. దాని ప్రమాణమే ఎల్‌యూఎఫ్‌ఎస్. ఐరోపా ప్రసార సంస్థలు 2010లో మైనస్ 23ను తమ లక్ష్యంగా స్వీకరించాయి. మన సంపుటికి ఏ అంకె ఎంచుకొన్నా, అన్ని వర్గాలూ ఆ అంకె వద్ద నిలవడమే ప్రధానం. ఈ కొలతలోని తరువాతి సవరణ దీర్ఘ విరామాలను లెక్క నుండి మినహాయిస్తుంది. నిదానంగా, గాథ గాథకూ ఆగి చదివే పాఠకునికి ఇది న్యాయం చేస్తుంది. లేకపోతే మౌనాల వల్ల సగటు పడిపోయి ఆయన గళం అనవసరంగా పెరిగేది.

సవరణకు ముందు, తరువాతి రూపాలను పోల్చేటప్పుడు కూడా రెండింటినీ ఒకే తీవ్రత వద్ద వినాలి. కొంచెం బిగ్గరగా ఉన్నదే మెరుగైనదని చెవి భ్రమపడుతుంది. సెల్‌ఫోన్లలో స్వయంచాలకంగా తీవ్రతను పెంచి తగ్గించే ఏర్పాటు ఉంటుంది. పాఠకుడు ఆగగానే అది గది హోరును పైకి లాగుతుంది. వీలైతే ముద్రించేటప్పుడే దానిని ఆపివేయాలి.

ముద్రణ సమయంలోనే చేయదగినవి

సమం చేసే శ్రమలో అధికభాగం ముద్రణ వేళే తప్పించవచ్చు. నోటికి, మైకుకు నడుమ దూరాన్ని ఒక జాన అని నిర్ణయించి అందరికీ అదే పాటించాలి. దూరం సగమైతే నేరుగా వచ్చే గళం ఆరు డెసిబెళ్ళు పెరుగుతుంది, గది ప్రతిధ్వని దాదాపు అలాగే ఉంటుంది. ప్రతి కూర్చోవడంలోనూ ఒక నిమిషం పాటు ఎవరూ మాట్లాడకుండా గది ధ్వనిని ముద్రించాలి. అతుకుల కింద పరచడానికి అది కావాలి. ఖాళీ గచ్చు గది కంటే బట్టల మూటలు పేర్చిన గది మేలు. సాబిన్ దిండ్లు తెప్పించుకోవలసి వచ్చింది. సూరత్‌లో తెలుగువారి ఇళ్ళ చుట్టుపక్కల బట్టకు కొదువ లేదు.

చివరిది నమోదు. ఎవరు, ఎక్కడ, ఏ రోజున, ఏ యంత్రంతో చదివారు, శ్రవణప్రతిలో ఏయే సవరణలు ఎంత మేరకు జరిగాయి, ఏ గాథ వద్ద ఒక ముద్రణ ముగిసి మరొకటి మొదలైంది అన్నవి ఒక పట్టికలో రాసి మూలప్రతితో పాటు భద్రపరచాలి. సవరణల విషయం పాఠకునికి తెలియజేసి అనుమతి పొందాలి. అతుకు చెవికి తెలియకుండా చేయడం సంపాదకుని నేర్పు. పత్రంలో తెలిసేటట్లు ఉంచడం అతని బాధ్యత.

సంగీతి అంటే కలిసి పఠించడం. ప్రథమ సంగీతిలో మహాకస్సపథేరుడు ప్రశ్నించగా వినయాన్ని ఉపాలి, ధర్మాన్ని ఆనందుడు వినిపించారని సంప్రదాయం. పాఠం సర్వసమ్మతమైంది, కాని ఎవరు దేనిని చెప్పారన్నది మరుగుపడలేదు. వేర్వేరు గళాలను ఒక సంపుటిగా కూర్చేవారికి ఇంతకంటే మంచి ఆదర్శం అక్కరలేదు. శ్రోత ఆటంకం లేకుండా వినగలిగేంత సామ్యం కావాలి. ఎవరి గళం వారిదిగా గుర్తుపట్టగలిగేంత భేదమూ మిగలాలి.